ఫంక్షన్ గార్డెన్ లాన్‌లో డీథాచర్: కొన్ని సీజన్ల వాడకం తర్వాత నా అనుభవం

మేడ్చల్ రోడ్డులో కొంపల్లి దాటాక వరసగా కనిపించే ఫంక్షన్ గార్డెన్లలో ఒకదాని లాన్ బాధ్యత నాది. ఎకరంన్నర దాకా ఉంటుంది, అంతా గరికే. రైడాన్ మోవర్ (మనిషి ఎక్కి కూర్చుని నడిపే గడ్డికోత బండి) వెనక తగిలించి లాగే, గడ్డి అడుగున పేరుకున్న ఎండు పొరను దువ్వి తీసే 40 అంగుళాల డీథాచర్‌ను కొన్ని సీజన్లుగా అక్కడ వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అర ఎకరం మించిన గరిక లాన్ ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొచ్చే పరికరం. అయితే సరైన నెల చూసుకుని, తక్కువ బరువు పెట్టి, మెల్లగా నడిపినవాళ్లకే అది పని చేస్తుంది. తొందరపడితే లాన్ పోతుంది, కొన్నిసార్లు మనిషికీ దెబ్బ తగులుతుంది.

చూడటానికి పెద్ద యంత్రమేమీ కాదు. ఒక ఇనుప చట్రం, రెండు చక్రాలు, ముందొక వరస వెనకొక వరస మొత్తం 20 స్ప్రింగ్ పళ్లు. ముందు పళ్ల సందుల్లోకి వెనక పళ్లు వచ్చేలా అమరిక ఉంటుంది. పైన బరువు పెట్టుకోవడానికి ట్రే, పళ్లను నేల నుంచి పైకెత్తడానికి ఒక లివర్. ఇంజను లేదు, బ్లేడు లేదు. అందుకే చాలామంది దీన్ని ప్రమాదం లేని వస్తువుగా చూస్తారు. నా ఆందోళన అంతా అక్కడే.

ఇది తీసేది గడ్డి కాదు, గడ్డి అడుగున పేరుకున్న ఎండు పొరను. పచ్చటి ఆకుకూ మట్టికీ మధ్య చచ్చిన కాడలు, పాకుడు తీగలు, వేళ్లు కలిసి గోధుమ రంగు చాపలా తయారవుతాయి. మోవర్ కోసి వదిలేసిన ఆకు ముక్కల వల్లే ఈ పొర వస్తుందని మా తోటమాలులు గట్టిగా నమ్మేవారు. నిజానికి ఆకు ముక్కలు త్వరగానే కుళ్లి మట్టిలో కలిసిపోతాయి. కుళ్లడానికి మొండికేసేవి గట్టి కాడలూ వేళ్లూ. యూరియా ఎక్కువ చల్లడం, రోజూ పైపైన నీళ్లు కొట్టడం, కోత ఆలస్యం చేయడం, నేల గట్టిపడటం, మందులు కొట్టి వానపాముల్ని చంపుకోవడం, ఇవీ అసలు కారణాలు.

పొర ఎంత ఉందో కంటితో తేలదు, కోసి చూడాలి. లాన్‌లో నాలుగైదు చోట్ల చాకుతో కేకు ముక్కలా మూడంగుళాల లోతున కోసి పైకి తీస్తాను. పైన ఆకుపచ్చ, కింద మట్టి, మధ్యలో పీచులా కనిపించే గోధుమ రంగు భాగం. స్కేలు పెట్టి ఆ భాగాన్ని కొలవాలి. అర అంగుళం లోపుంటే దాన్ని ముట్టుకోను. ఆ మాత్రం పొర నేల తేమను కాపాడుతుంది, జనం తొక్కినప్పుడు మెత్తగా కాస్తుంది. అర అంగుళం దాటితేనే డీథాచర్ బయటికి వస్తుంది. ముక్కాలు అంగుళం దాటిన చోట నీళ్లు పోస్తే పక్కకు జారిపోతాయి, కాలు పెడితే పరుపు మీద నడిచినట్టు ఉంటుంది, మోవర్ చక్రం దిగబడి బ్లేడు గడ్డిని గుండు కొట్టేస్తుంది.

ఇక నెల సంగతి. ఈ పరికరం మంచిదా చెడ్డదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. డీథాచింగ్ అంటే గడ్డికి గాయం చేయడమే. గాయం మానాలంటే గరిక జోరుగా పెరిగే కాలం కావాలి. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రుల చలికి గరిక పెరుగుదల మందగిస్తుంది. అప్పుడు దువ్వితే వారాల తరబడి మట్టి కనిపిస్తూనే ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండ, అడుగంటిన బోరు. బయటపడిన తీగలు మాడిపోతాయి. పైగా అది పెళ్లిళ్ల నెల, లాన్ ఖాళీగా దొరకదు. మిగిలింది ఆషాఢం. తొలకరి వానలు పడి ఉంటాయి, గరిక ఉరకలు వేస్తుంటుంది, ముహూర్తాలు ఉండవు. జాగ్రత్తగా దువ్విన గరిక కోలుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆషాఢం నెల రోజులు. శ్రావణంలో మొదటి పెళ్లి బృందం దిగేసరికి లాన్ తయారుగా ఉంటుంది. మాలాంటి గార్డెన్లకు ఇంతకంటే అనువైన అమరిక ఇంకేముంటుంది? ఆషాఢానికి ముందు అధికమాసం పడిన ఏడాది ఆ తేదీలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి పంచాంగం చూసుకునే పని పెట్టుకుంటాను. ఆదివారాలు బోనాలకు మా వాళ్లంతా సెలవు మీద వెళ్తారు, అదీ లెక్కలో ఉండాలి. గురు మూఢం, శుక్ర మూఢం వచ్చినా పెళ్లిళ్లు ఆగుతాయి గానీ అవి చలికాలంలో పడితే ఆ ఖాళీని దీనికి వాడుకోను. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో గరిక మళ్లీ లేస్తున్నప్పుడు అవసరమైతే పైపైన ఒక్కసారి లాగిస్తాను, అంతే.

వాన పడిన వెంటనే కూడా కాదు. నేల బురదగా ఉంటే పళ్లు తీగల్ని వేళ్లతో సహా పెకలిస్తాయి, చక్రాల గాట్లు పడతాయి. మరీ ఎండి ఉంటే పళ్లు పైన గీరుతూ పోతాయి. కాలు దిగబడకుండా, చాకు మాత్రం సులువుగా దిగేంత తేమ ఉండాలి. మా లాన్ మీద ఎర్రమట్టి పరిచారు కాబట్టి వాన వెలిశాక ఒకట్రెండు రోజుల్లో ఆ అదను వస్తుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడి నేలలవాళ్లు ఇంకా ఆగాలి.

ముందు రోజు గడ్డిని మామూలు ఎత్తులో సగానికి కోయిస్తాను. ఆ తర్వాత వచ్చే పని ఇళ్ల లాన్లలో అంతగా ఉండదు, ఫంక్షన్ గార్డెన్లలో మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. ఇనుము ఏరడం. టెంట్ హౌస్ వాళ్లు మరిచిపోయిన మేకులు, డెకరేషన్ వాళ్ల బైండింగ్ వైరు, పూల కట్టలకు చుట్టిన సన్న తీగ, పిన్నీసులు, సీసా మూతలు. ఇవన్నీ ఎండు పొరలోకి దిగిపోయి కనిపించవు. ఒకసారి పంటికి ఏదో తగిలినట్టు యంత్రం వణికితే డ్రైవర్ ఆపాడు. దిగి చూస్తే బైండింగ్ వైరు ఒక కొస పంటికి చిక్కుకుని ఉంది. మిగతాది పొర కింద నుంచి మీటరు పొడవునా లేచి వచ్చి, రెండో కొస అప్పటికే ఇరుసుకు రెండు చుట్లు చుట్టుకుంది. ఇంకో పది అడుగులు పోయి ఉంటే అది తెగి కొరడాలా ఎగిరేది. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు అయస్కాంతాల బద్దను లాన్ అంతా తిప్పిస్తాను. పాత స్పీకర్ల అయస్కాంతాలను ఒక ఇనుప యాంగిల్‌కు వరసగా బిగించి, గడ్డికి కొద్దిగా పైన వేలాడేలా చేయించిన బద్ద అది. ప్రతిసారీ పిడికెడు ఇనుము దొరుకుతుంది. స్ప్రింక్లర్ తలలు, వాల్వ్ బాక్సులు, లైట్ల కేబుల్ పోయే దారి, వీటి పక్కన ఎర్ర జెండాలు గుచ్చుతాను. పళ్లకు కేబుల్ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆ రోజు లాన్ లైట్ల మెయిన్ కట్టేసే ఉంచుతాం.

బరువు విషయంలో డ్రైవర్లతో ప్రతి ఏడాదీ వాదన తప్పదు. "సార్, గట్టిగ గుంజుతలేదు, ఇంకో రాయి పెట్టాల్నా?" అని అడుగుతాడు మా డ్రైవర్. మొదటిసారి లాగినప్పుడు ట్రేలో బరువు అసలు పెట్టను. స్ప్రింగ్ పళ్ల సొంత ఒత్తిడికే ఎంత పైకి వస్తుందో చూసి, చాలదనిపిస్తే ఒక ఇసుక సంచి, తర్వాత ఇంకొకటి. తయారీదారు పుస్తకంలో రాసిన గరిష్ఠ బరువు దాటనివ్వను. రాళ్ల కంటే ఇసుక సంచులు మేలు. అవి దొర్లవు, పడినా కాలు విరగదు. ఏది పెట్టినా బెల్టుతో బిగించాల్సిందే. వాన పడితే సంచి తడిసి బరువు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

మనిషిని మాత్రం ఎప్పుడూ ట్రే మీద కూర్చోనివ్వకూడదు. ఈ మాట విడిగా ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్లల్లో పొలం చదును చేసే పలక మీద మనిషి నిలబడటం, పిల్లల్ని కూర్చోబెట్టడం అలవాటు. ఆ అలవాటుతోనే పనివాళ్ల పిల్లలు ఈ ట్రే ఎక్కుతారు. కింద 20 ఇనుప పళ్లు, ముందు ఇంజను, ఒక్క కుదుపుకు పట్టు జారితే పిల్లాడు చక్రం కిందో పళ్ల కిందో ఉంటాడు. డీథాచర్ బయటికి వచ్చిన రోజు లాన్‌లో పిల్లలు ఉండకూడదని గేటు దగ్గరే చెప్పిస్తాను. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటానికీ పోను.

నడపడం గురించి. వేగం మనిషి చురుగ్గా నడిచేంత, అంటే గంటకు ఐదు కిలోమీటర్లు. అంతకు మించితే పళ్లు ఎగిరెగిరి పడతాయి, పొర ఒకచోట లేచి ఒకచోట మిగిలిపోతుంది. మోవర్ బ్లేడ్లు తిరగడం ఆపేసి ఉండాలి. పళ్లు కిందున్నప్పుడు రివర్స్ వెయ్యకూడదు. స్ప్రింగ్ పన్ను ముందుకు లాగడానికి చేసింది, వెనక్కి నెడితే వంగిపోతుంది, లేదా చుట్ట దగ్గర పగుళ్లు వస్తాయి. మలుపు దగ్గర కూడా లివర్ లాగి పళ్లు పైకెత్తి, తిరిగాక దించాలి. పళ్లు కిందుండగానే మలుపు తిప్పితే గడ్డి అర్ధచంద్రాకారంలో చిరుగుతుంది. మా లివర్ సీటు నుంచి చేతికి అందదు. కాబట్టి ప్రతి చివరా బండి ఆపి, బ్రేక్ వేసి, దిగి ఎత్తాలి. విసుగే, కానీ సీట్లోంచి వెనక్కి వంగి అందుకోవడానికి చూస్తే మనిషి పడిపోతాడు. అందుకే గార్డెన్ చివర్లలో సిమెంటు దారి మీదకు వచ్చి తిరిగేలా గీతలు వేయించాను, ఎత్తడం దించడం తగ్గింది.

స్టేజీ వెనక మా లాన్‌లో ఒక వాలు ఉంది. అక్కడికి దీన్ని పంపను. వెనక బరువు లాగుతున్నప్పుడు రైడాన్ మోవర్ బ్రేకులు వాలు మీద ఆ బరువును ఆపలేకపోవచ్చు, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ మాట వినదు. చాలా మోవర్ల పుస్తకాల్లో వట్టి బండికి చెప్పిన వాలు పరిమితి కంటే వెనక ఏదైనా లాగేటప్పటి పరిమితి బాగా తక్కువగా ఉంటుంది. కాబట్టి ఆ పేజీ చదవాలి. వాలు ఉన్న చోట చేతి రేకుతో (కర్రకు పళ్లు బిగించిన పనిముట్టుతో) ఆడకూలీలు చేస్తారు, అదే సరైన పద్ధతి. మోవర్‌కు వెనక రక్షణ కమ్మీ ఉంటే నిలబెట్టి ఉంచి సీటు బెల్టు పెట్టుకోవాలి. తగిలించడం ఎప్పుడూ కంపెనీ ఇచ్చిన హిచ్ ప్లేటుకే (బండి వెనక తగిలించే పలకకే). పిన్ను వేసి, దానికి క్లిప్పు కూడా పెట్టాలి. క్లిప్పు పోయిందని వైరు ముక్క చుట్టి నడిపేవాళ్లను చూశాను. కుదుపులకు ఆ వైరు ఊడొస్తుంది.

హిచ్ ఎత్తు కూడా చూసుకోవాలి. చట్రం నేలకు సమాంతరంగా ఉంటేనే రెండు వరసల పళ్లూ ఒకేలా తాకుతాయి. మినీ ట్రాక్టర్ వెనకుండే లాగుడు కమ్మీకి, అంటే డ్రాబార్‌కు తగిలిస్తే ఎత్తు ఎక్కువై ముందు వరస గాల్లో తేలుతుంది, వెనక వరస నేలను తవ్వుతుంది. అలాంటివాళ్లు ఎత్తు సరిచేసే ప్లేటు ఒకటి మందంగా చేయించుకోవడం మంచిది.

పళ్ల మధ్య ఎండు పొర ఇరుక్కుని ముద్ద కట్టినప్పుడు తీయడం దగ్గరే చేతులు తెగుతాయి. పద్ధతి ఒక్కటే. చదును మీద ఆపాలి, పార్కింగ్ బ్రేక్, ఇంజను ఆపు, తాళంచెవి జేబులో. అప్పుడు తోలు గ్లవ్స్ వేసుకుని కర్రతో గానీ కొక్కెంతో గానీ లాగాలి. లాగి వదిలిన స్ప్రింగ్ పన్ను ముఖం మీదికి కొడుతుంది, కాబట్టి కంటి అద్దాలు తీయొద్దు. చెప్పులతో ఎవరూ దగ్గరికి రాకూడదు, బూట్లు ఉండాలి.

ఒక దిశలో లాగాక ముందు పైకి వచ్చిందంతా రేకుతో తీసేసి, తర్వాత అడ్డంగా రెండోసారి. ఒకే రోజు మొత్తం పొర తీసేయాలనుకోవడం తప్పు. మొదటిసారి వాడేవాళ్లు ఆ కుప్పలు చూసి భయపడతారు. ఎకరంన్నర నుంచి ట్రాలీల కొద్దీ వస్తుంది. దువ్విన లాన్ రెండు వారాలపాటు అందవిహీనంగా, పచ్చిక లేని మైదానంలా ఉంటుంది. యజమానికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఆ కుప్పల గురించి ఒక మాట. పక్క వీధి పాలాయన వచ్చి, "అన్నా, పారేసేదే కదా, బర్లకు ఏసుకుంట" అన్నాడు. ఇవ్వలేదు. ఎండు పొరలో అయస్కాంతానికి కూడా దొరకని సన్న తీగ ముక్కలుంటాయి. పశువు నమలకుండా మింగేస్తుంది, ఆ ఇనుము కడుపు గోడను గుచ్చుకుంటూ గుండె దాకా పోతుంది. పశువైద్యులకు ఇది బాగా తెలిసిన జబ్బు. పైగా లాన్‌కు కొట్టిన మందులు ఉంటాయి. కారణం చెప్పాక ఆయనే, "వద్దులే అన్నా, బర్రె పోతే లచ్చ రూపాయలు పాయె" అని వెళ్లిపోయాడు. కాల్చడం కూడా వద్దు. మేం గోతిలో పేడ నీళ్లు చల్లుతూ కంపోస్టు చేస్తాం, నెమ్మదిగానే కుళ్లుతుంది. ఏరేటప్పుడు ఓసారి చంటిపిల్లల వెండి పట్టీ దొరికింది. మా కూలీ ఆమె తెచ్చి ఆఫీసులో ఇచ్చింది, బుకింగ్ రిజిస్టర్ చూసి వాళ్లకు పంపించాం.

దువ్విన సాయంత్రమే నీళ్లు పెట్టాలి, వాన పడితే మంచిదే. నాలుగైదు రోజులకు కొత్త చిగుళ్లు కనబడ్డాక చదరపు మీటరుకు 10 గ్రాములకు మించకుండా యూరియా చల్లి వెంటనే తడుపుతాం. అంతకంటే ఎక్కువైతే మళ్లీ అదే పొరకు పునాది వేసుకున్నట్టే. పలచబడ్డ చోట ఇసుక, మాగిన ఎరువు కలిపి సన్నగా పరుస్తాం. తుంగ ఉన్న లాన్లలో జాగ్రత్త, నేలకు వెలుతురు తగలగానే గరిక కంటే ముందు అదే లేస్తుంది. గడ్డలతో సహా తవ్వి తీయించాలి.

ఈ పరికరం చేయలేని పనులూ ఉన్నాయి. నేల గట్టిపడటాన్ని ఇది సరిచేయదు. వందలమంది తొక్కిన, కుర్చీలు దిగబడిన మా లాంటి నేలకు మట్టి గొట్టాలుగా తీసే ఏరేటర్ వేరే కావాలి. ముక్కాలు అంగుళం దాటి చాపలా బిగిసిన గరికకు స్ప్రింగ్ పళ్లు చాలవు, నిలువు బ్లేడ్ల వర్టికట్టర్ అద్దెకు తెప్పించాలి. మా లాన్ మొదటి ఏడాది అలాగే చేసి, ఆ తర్వాత పొర మళ్లీ మందం కట్టకుండా ఏటా డీథాచర్‌తో కాపాడుకొస్తున్నాం. ఇక కొరియన్ గడ్డి వేసుకున్నవాళ్లు దీని జోలికి రావద్దు. ఆ గడ్డి దిబ్బలు దిబ్బలుగా ఉబ్బి పెరుగుతుంది, పన్ను పడితే ముక్కలుగా ఊడొస్తుంది, కోలుకోవడం చాలా నెమ్మది.

పని అయ్యాక పళ్లు లెక్కపెట్టడం మా దగ్గర కచ్చితమైన నియమం. 20 దించితే 20 లేవాలి. ఒకటి తగ్గితే ఆ ముక్క గడ్డిలో ఎక్కడో ఉంది. మర్నాడు మోవర్ బ్లేడు దాన్ని తాకితే తుపాకీ గుండులా బయటికి వస్తుంది, లేదా పెళ్లికి వచ్చిన పిల్లాడి పాదంలో దిగుతుంది. ముక్క దొరికేదాకా అయస్కాంతం బద్ద తిప్పుతూనే ఉంటాం. దాని కోసం ఒక పూట పని ఆగినా సరే.

పళ్లు విరిగేది దాదాపు ఎప్పుడూ చుట్ట దగ్గరే. గుడ్డతో తుడిచి వెలుతురులో చూస్తే సన్నటి తుప్పు గీత కనిపిస్తుంది, అది పగులు. అలాంటిదాన్ని విరిగేదాకా ఉంచకుండా అప్పుడే మారుస్తాను. విడి పళ్ల కోసం అమ్మిన డీలర్ వారాల తరబడి తిప్పించుకున్నాడు. చివరికి బాలానగర్‌లో స్ప్రింగులు చుట్టేవాళ్ల దగ్గర చేయించాను. నమూనా ఇచ్చి, స్ప్రింగ్ స్టీలుతోనే చేసి టెంపరింగ్ (స్ప్రింగుకు పట్టు వచ్చేలా వేడి చేయడం) పెట్టాలని గట్టిగా చెప్పాలి. మామూలు ఇనుప కడ్డీ వంచి ఇస్తే మొదటి వరసలోనే వంగి అలాగే ఉండిపోతుంది. నట్లు, పిన్నులు, క్లిప్పులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. వణుకుకు వదులయ్యే చోట నైలాక్ నట్లే (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి) వేయండి.

కడిగాక ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, ఇరుసుకు గ్రీజు, పళ్లకు నూనె గుడ్డ. యూరియా సంచుల పక్కన పెట్టవద్దు, ఒక్క వానాకాలంలోనే తుప్పు పట్టేస్తుంది. మాది ఇప్పుడు పళ్లు గోడ వైపు తిప్పి, అడ్డంగా చెక్క పలక కట్టి, షెడ్డులో మూలన ఉంటుంది. చీకట్లో పళ్ల మీద కాలు పడి గుచ్చుకుంటే సబ్బుతో కడిగి అదే రోజు ఆసుపత్రికి పోయి ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అడగాలి.

కొనాలనుకునేవాళ్లు దుకాణంలో మూడు చూడండి. పన్ను ఒక్కొక్కటి విడిగా మార్చుకునే వీలు ఉందా, చక్రాలకు బుష్ (ఇరుసు అరగకుండా వేసే గొట్టం) ఉందా, లివర్ ఎత్తినప్పుడు గట్టిగా గాడిలో కూర్చుంటుందా. చివరిది పరీక్షించడానికి లివర్ ఎత్తి, చేయి దూరంగా పెట్టుకుని, చట్రాన్ని బూటుతో రెండుసార్లు గట్టిగా తన్నండి. పళ్లు కిందికి జారితే ధర ఎంత తక్కువైనా ఆ యంత్రాన్ని అక్కడే వదిలి రండి.